గీత బయట మేము

ముండ్లమూరులో అస్ర్ నమాజు ముగించుకుని మైదానానికి వెళ్లేవారం. పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతుంటే తండ్రులమంతా గీత బయట నిలబడి, "తన్నరా! అటు కాదురా!" అని కేకలు వేసేవారం. శిక్షకుడు ఒకటి చెబితే మేము మరొకటి చెప్పేవారం. (మేమెన్నడూ బంతిని సరిగా తన్నినవారం కాము!) ఒకనాడు బంతి తన కాళ్ల వద్దకే వచ్చినా మా తొమ్మిదేళ్ల కుమారుడు దాన్ని చూడలేదు; భయంగా మా ముఖం వైపు చూశాడు. బంతి పోయింది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు ఉపాధ్యాయులు. ఆయన శిక్షణలోనే భారత ఫుట్‌బాల్ జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. వాటం లేని కాలితోనే ఆడాలన్న నియమంతో ఆయన పోటీలు పెట్టేవారట. అక్కడ ఎంతటి ఆటగాడికైనా తప్పులు తప్పవు. ఆ గురువు తప్పుకు చోటిచ్చారు. మేమేమో కన్నబిడ్డకే ఆ చోటు లేకుండా చేశాం.

మరునాడు శిక్షకుణ్ణి క్షమాపణ కోరాం. ఇప్పటికీ వెళ్తున్నాం; వేపచెట్టు కింద మౌనంగా కూర్చుంటున్నాం. మొన్న మావాడు ఎడమకాలితో కొట్టిన బంతి ఎటో పోయి కంపచెట్లలో పడింది. వాడు మా వైపు చూడనేలేదు. నవ్వుతూ బంతి కోసం పరుగెత్తాడు.