మూల గదికి పేరేం పెడదాం?

పోయిన సంక్రాంతికి మా బావ, అంటే మావయ్య కొడుకు, ఒక ఎక్సెల్ షీట్ పంపించాడు. ఆరు వరసలు. మొదటి కాలమ్‌లో గదుల కొలతలు, రెండోదాంట్లో ఏసీ ఉందా లేదా. మూడోది ఖాళీ. దాని పైన "పేరు" అని రాసుంది.

"నువ్వు పుస్తకాలు చదువుతావు కదరా, మంచి పేర్లు చెప్పు" అన్నాడు ఫోన్లో.

కోనసీమలో మా అమ్మమ్మగారి ఇల్లు మండువా లోగిలి. నూరేళ్ళు దాటింది. నాలుగు వైపుల నుంచీ పెంకుల కప్పు లోపలికి వాలి, మధ్యలో ఆకాశం కనపడుతుంది. వాన పడితే నీళ్ళన్నీ మండువాలోకి జారి, తూములోంచి పెరట్లోకి పోతాయి. బావ ఇప్పుడు దాన్ని బెడ్ అండ్ బ్రేక్‌ఫస్ట్ చేస్తున్నాడు. కేంద్ర పర్యాటక శాఖ పథకం ప్రకారం ఆరు గదులకి మించి అద్దెకివ్వకూడదు, ఇంటివాళ్ళు అదే ఇంట్లో ఉండాలి. మావయ్యా అత్తయ్యా ఎలాగూ అక్కడే ఉంటారు.

నాకు వెంటనే గుర్తొచ్చింది అమెరికాలో, ఆరెగన్ తీరాన న్యూపోర్ట్‌లో ఉన్న సిల్వియా బీచ్ హోటల్. ఆఫీసు పని మీద పోర్ట్‌లాండ్ వెళ్ళినప్పుడు ఒక వారాంతం అక్కడ ఉన్నాను. పసిఫిక్ ఒడ్డున 1910ల నాటి భవనం. 1987లో దాన్ని పుస్తకాల పిచ్చివాళ్ళ కోసం కొత్తగా తెరిచి, గదులకి రచయితల పేర్లు పెట్టారు. అగాథా క్రిస్టీ గది, మార్క్ ట్వేన్ గది. టీవీలుండవు. హోటల్ పేరేమో, 1922లో జాయిస్ 'యులిసీస్'ని పారిస్‌లో అచ్చువేసిన పుస్తకాల షాపు యజమానురాలిది.

ఉత్సాహంగా శ్రీపాద, కృష్ణశాస్త్రి, చలం, మల్లాది అని పంపించాను. "ఫ్యామిలీలు దిగే చోట చలం గదేంట్రా?" అన్నాడు బావ. తన జాబితా తనకుంది: గౌతమి, వశిష్ఠ, వైనతేయ. ధవళేశ్వరం దిగువన గోదావరి చీలిన పాయల పేర్లు. బాగానే ఉన్నాయి. కాకపోతే దారిపొడుగునా లాడ్జిలకీ కల్యాణ మండపాలకీ అవే.

అప్పుడు తట్టింది, ఆ గదులకి ముందునుంచే పేర్లున్నాయి కదా అని. వీధి గది, తూర్పు గది, పడమటి గది, పురిటి గది, ధాన్యం గది, మూల గది. మా వృత్తిలో వేరియబుల్‌కి పేరు పెట్టేటప్పుడు సూత్రం ఒకటే: అది దేనికుందో పేరు చూస్తే తెలియాలి. ఆ లెక్కన మా పెద్దవాళ్ళు మంచి ప్రోగ్రామర్లు. ఈ పేర్లే ఉంచేద్దాం అని నిర్ణయించుకుని, అమ్మకి వరసగా చదివి వినిపించాను.

మూల గది దగ్గర అమ్మ ఆగిపోయింది. "మూలగది మామ్మ పోయి ముప్ఫై ఏళ్ళవుతోంది" అంది.

మామ్మ నాకు కొంచెమే గుర్తు. నెత్తి మీదుగా కప్పుకున్న తెల్లచీర, దూదిని వత్తులుగా నలిపే వేళ్ళు, అరచేతిలో పెట్టిన బెల్లం ముక్క. తాతయ్యకి మేనత్త. పదకొండేళ్ళకి మొగుడు పోతే పుట్టింటికి తీసుకొచ్చేశారు. అమ్మ చిన్నప్పుడు, ఇంట్లో ఎవరైనా ప్రయాణమవుతుంటే మామ్మ మూల గది తలుపు వేసేసుకునేదట. వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా లోపలి నుంచి దగ్గు కూడా వినపడేది కాదట. ఎదురొస్తే అపశకునం కదా.

"ఆవిడ అసలు పేరేంటమ్మా?"

అమ్మకి తెలీదు. గదికి మనిషి పేరు పెట్టడమెలాగా అని నేను నెల రోజులుగా ఆలోచిస్తున్నాను. మా ఇంట్లో మనిషికే గది పేరు పెట్టేశారు.

శ్రీపాదవారి కథల మీద రెండు వ్యాసాలు రాశాను నేను. వితంతువుల గురించి ఆయన ఎంత సూటిగా రాశారో ఉదాహరణలతో సహా వివరించాను. వితంతు వివాహాన్ని అనుమతించే చట్టం 1856లోనే వచ్చిందనీ, 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో వీరేశలింగంగారు మొదటి పెళ్ళి జరిపించారనీ నాకు కంఠతా వచ్చు. మామ్మ మొగుడు పోయింది ఆ పెళ్ళయిన నలభయ్యేళ్ళకి. మా ఊరికీ రాజమండ్రికీ మధ్య అడ్డం ఉన్నది గోదావరి పాయ ఒక్కటే. ఇవన్నీ తెలిసిన నేను, నాకు బెల్లం పెట్టిన మనిషి పేరు మాత్రం ఎప్పుడూ అడగలేదు.

మావయ్య రెండు రోజులు ట్రంకు పెట్టెలన్నీ వెతికాడు. అత్తవారి వైపు వాళ్ళు రాసిచ్చిన మనోవర్తి కాగితం దొరికింది. ఫోటో తీసి పంపించాడు. చివర ఎడమచేతి బొటనవేలి ముద్ర, పక్కనే రాయసగాడి దస్తూరీలో పేరు. మూడక్షరాలు. చక్కటి పేరు. అమ్మ దాన్ని పైకి రెండుసార్లు చదివింది.

"అయితే మూల గదికి ఈ పేరే పెడదాం" అన్నాను.

"వద్దు" అంది అమ్మ. "బతికినన్నాళ్ళూ అందులోనే కూచోబెట్టారు. పోయాక కూడా అక్కడేనా? వీధి గదికి పెట్టమను."

వీధి గదంటే అరుగు పక్కది. తాతయ్య స్నేహితులు చేరి పేకాడుకున్న గది. ఇంటికి ఎవరొచ్చినా మొదట కనపడేది అదే. మామ్మ పొద్దుటిపూట ఆ ఛాయలకి వెళ్ళి ఎరగదు.

బావ పెద్దగా అభ్యంతరం చెప్పలేదు. చిన్న పేరు, బోర్డు మీద బాగుంటుందన్నాడు. మిగతావాటికి పాయల పేర్లే ఖాయం చేశాడు, నేనూ వాదించలేదు. మూల గదికి మాత్రం మూల గది అనే ఉంచమన్నాను. ఎవరైనా ఎందుకని అడిగితే చెప్పడానికి ఏదో ఒకటి మిగలాలి.

ఆ మూడక్షరాలూ ఇక్కడ రాయడం లేదు. ముందు ఆ గుమ్మం మీద రానీ.

నిన్న బావ మళ్ళీ మెసేజ్ పెట్టాడు. ప్రతి గదిలోనూ పేరు గురించి చిన్న కార్డు ఉంచుతాడట, నాలుగు లైన్లకి మించకూడదట. గౌతమికీ వశిష్ఠకీ పది నిమిషాల్లో రాసి పంపేశాను. వీధి గది కార్డు మీద "ఈవిడ ఈ ఇంటి ఆడపడుచు" అని మొదలుపెట్టాను. రెండో లైను ఇంకా రాలేదు.