ఒక్క ‘బే’... ఎన్ని అర్థాలో!

హైదరాబాద్‌లో ఎవరినైనా ‘ఏం బే’ అని పిలిస్తే గొడవైపోతుంది. దక్షిణ కొరియాలోని నాజులో ఓ పెద్దావిడ నన్ను చూసి నవ్వుతూ ‘బే గోపాయో?’ అంది. నాకు ‘బే’ ఒక్కటే అర్థమైంది, అదీ తప్పుగా!

మా అబ్బాయి ఉండే గ్వాంగ్జూకి నాజు దగ్గరే. ఆదివారం కదా అని తీసుకెళ్లాడు. పియర్ పండ్లకి పేరున్న ఊరు. గుండ్రంగా, గోధుమరంగు తొక్కతో, కొరికితే నీళ్లు కారిపోయే పండు. దాన్ని ‘బే’ అంటారని దారిలోనే చెప్పాడు. అందుకే ఆవిడ అడగ్గానే బుట్టలో పండు చూపించా. ఆవిడ కాదన్నట్టు తలూపి, పొట్ట తట్టుకుని చూపించింది. పొట్ట కూడా ‘బే’నేనట! ‘ఆకలేస్తోందా?’ అని అడిగిందన్నమాట. మన ఊళ్లలో ‘తిన్నావా?’ అని పలకరించినట్టే.

అక్కడి నుంచి యోంగ్‌సాన్ నది ఒడ్డుకి వెళ్లాం. తెరచాప పడవని చూపించి ‘అదీ బేనే’ అన్నాడు మావాడు. ఒకప్పుడు సముద్రం మీంచి సరుకు పడవలు ఇక్కడిదాకా వచ్చేవి. దీవుల నుంచి తెచ్చే స్కేట్ చేపలు దారిలోనే పులిసిపోయేవట. ఆ పులిసిన చేపే ఈ రేవు ప్రత్యేక వంటకం. ఘాటుకి ముక్కు మూసుకోవాల్సిందే! 1915లో కట్టిన దీపస్తంభం ఇంకా ఒడ్డునే ఉంది. నది సముద్రంలో కలిసేచోట ఆనకట్ట కట్టడంతో 1970ల చివర్లోనే పడవల రాక ఆగిపోయింది. 1981లో ఆనకట్ట పూర్తయింది. ఇప్పుడు తిరిగేవి పర్యాటకుల పడవలే.

పండు, పొట్ట, పడవ... ఈ మూడూ కొరియన్ల సొంత మాటలు. ఐదు వందల ఏళ్ల కిందటి రాతల్లోనూ మూడింటినీ ఒకే అక్షరాలతో రాశారు. ఇవి చాలవన్నట్టు చైనా నుంచి మరికొన్ని ‘బే’లు వచ్చి చేరాయి. గ్లాసులెత్తి ‘గొన్‌బే’ అంటారే, అందులో బే అంటే కప్పు. కొత్త సంవత్సరం నాడు పెద్దలకి వంగి పెట్టే దండం ‘సెబే’. రెట్టింపు అన్నా బేనే. చైనాలో వేర్వేరుగా పలికే ఈ మూడూ కొరియా నోట్లో ఒక్కటైపోయాయి. మనకి పాలు అంటే తాగేవీ, ఆస్తిలో వాటా రెండూ కావా? సందర్భాన్ని బట్టి పోల్చుకుంటాం. వాళ్లూ అంతే.

తిరిగొస్తూ పండ్లు కొందామని మళ్లీ పెద్దావిడ దగ్గర ఆగాం. ‘నది దాకా వెళ్లొచ్చాం’ అన్నాడు మావాడు. ఆవిడ పండు తొక్క తీస్తూ ఏదో చెప్పింది. ఒకే మాటలో మూడుసార్లు ‘బే’ వినిపించింది. మావాడు తెలుగులో చెప్పాడు: ‘మా ఆయన పడవ మీద పనిచేసేవాడు. పడవలు ఆగిపోయాక ఈ పండ్లే మా పొట్ట నింపాయి.’

ఏమనాలో తోచలేదు. ఆవిడ ఇచ్చిన ముక్కలన్నీ తినేశా. మావాడిని అడిగి ఒక్క మాట నేర్చుకుని, పొట్ట మీద చెయ్యేసుకుని చెప్పా: ‘బే బుల్లోయో.’

కడుపు నిండింది అని.