గోడ మీద బొగ్గు గీతలు

మా అమ్మకి చదువు లేదు. లెక్క మాత్రం ఉండేది. కూలికి పోయిన ప్రతి రోజుకీ మాదిగపల్లెలో మా ఇంటి గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసేది. ఆసామి తన పుస్తకంలో రాసుకునేవాడు. డబ్బులిచ్చే రోజున గోడ మీద 22 ఉంటే పుస్తకంలో 19 ఉండేవి. "రాతకోతలు రాని దానివి, నీ లెక్కే తప్పే" అనేవాడు. రెండు లెక్కలు కలవకపోతే ఒకటైనా తప్పు కావాలి. అది ఎవరిదో ముందే తేలిపోయేది.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. ముప్పై నాలుగేళ్ళ వయసులో దూరవిద్యలో ఎం.సి.ఏ. కట్టాను. ప్రాజెక్టుకి సీస్మిత్ తీసుకున్నాను. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయం వాళ్ళు తయారుచేసిన పనిముట్టు అది. సి భాషలో యాదృచ్ఛికంగా ప్రోగ్రాములు అల్లుతుంది. అల్లినదానికి ఒకే అర్థం ఉండేలా చూసుకుంటుంది. దాన్ని రెండు మూడు కంపైలర్లతో నడిపితే చివర్లో అన్నిటికీ ఒకటే చెక్‌సమ్ రావాలి. రాకపోతే ఏదో ఒక కంపైలర్ తప్పినట్టు. 2011లో వాళ్ళు అచ్చేసిన పత్రం ప్రకారం మూడేళ్ళలో 325కి పైగా తప్పులు ఇలా బయటపడ్డాయి. చదవగానే నాకు మా గోడ గుర్తొచ్చింది.

మొదటి రాత్రి ప్రోగ్రామే కంపైల్ కాలేదు. సీస్మిత్ హెడర్ ఫైలు దొరకలేదంది. అది ఉన్న రన్‌టైమ్ ఫోల్డరు దారి చూపిస్తే సర్దుకుంది. కొన్ని ప్రోగ్రాములు ఎంతకీ ఆగలేదు. అది తప్పు కాదు, ఆగుతాయని సీస్మిత్ హామీ ఇవ్వదు. పది సెకన్లు గడువు పెట్టి ఆపేశాను. వారం తర్వాత ఒక తేడా దొరికింది. ఆప్టిమైజేషన్ లేకుండా ఒక చెక్‌సమ్, ఓ2 పెడితే ఇంకొకటి.

సంతోషంగా పట్టుకెళ్ళాను. గైడు కాగితం చూడలేదు, నన్ను చూశాడు. "కంపైలర్ తప్పేంటయ్యా, నువ్వే ఏదో కెలికుంటావ్. కోటాలో వచ్చినోళ్ళకి ఇలాంటి ప్రాజెక్టులెందుకు?" అన్నాడు.

నిజం చెప్పాలి. కెలికాను. ప్రోగ్రాము వెయ్యి పంక్తులు దాటిందని, ఆయనకి చూపించడానికి చేత్తో కుదించాను. కూడికని కాపాడే సేఫ్ మ్యాత్ ఫంక్షన్ ఒకటి తీసేశాను. సైన్డ్ అంకె హద్దు దాటితే సి భాషలో ఆ ప్రోగ్రాముకి అర్థమే ఉండదు. ఏ కంపైలర్ ఏం చెప్పినా తప్పు పట్టలేం. నేను చూపించిన కాగితం చెల్లదు. సిగ్గుతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కానీ తేడా మొదట వచ్చింది నేను ముట్టని ప్రోగ్రాములో కదా!

అమ్మకి చెప్పాను. "పక్కింటి మీ పెద్దమ్మ గోడ కూడా చూడమని ఆ రోజుల్లో నేను అడగాల్సిందిరా. ఇద్దరం కలిసే పోయేవాళ్ళం" అంది.

ప్రోగ్రాము మొదట్లోనే సీడ్ నంబరు రాసుంటుంది. సీస్మిత్ అదే వెర్షన్, సీడ్ అదే ఇస్తే ఆ ప్రోగ్రామే మళ్ళీ పుడుతుంది. పుట్టించాను. చెయ్యి పెట్టలేదు. ఇంకో కంపైలర్‌తో నడిపాను. ఆప్టిమైజేషన్ ఉన్నా లేకున్నా ఒకటే లెక్క, అదీ మొదటి కంపైలర్ ఆప్టిమైజేషన్ లేకుండా ఇచ్చిన లెక్కే. ఓ2 ఒక్కటే వేరు. ఆ కంపైలర్ కొత్త వెర్షన్ వేస్తే ఆ తేడా కూడా పోయింది.

గైడు సంతకం పెట్టాడు. అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

ఇప్పుడు క్లాసులో ఏ పిల్ల లెక్కైనా నా లెక్కతో కలవకపోతే ముందు నాది మళ్ళీ చేసి చూస్తాను. మా అమ్మకి రావాల్సిన మూడు రోజుల కూలి మాత్రం ఇంకా ఆ పుస్తకంలోనే ఉంది.