తన్నడం నేర్చుకోవాలంటే ఎంతవుతుంది?

కరాటే ఫీజు ఎంత అన్న ప్రశ్నకి ప్రపంచమంతా గాలించినా ఒక్క జవాబు దొరకదు. నెలకి 1,800 రూపాయలు అనేవాళ్ళున్నారు, నెలకి 150 డాలర్లు అనేవాళ్ళున్నారు, ఏడాది మొత్తానికి 250 యూరోలు అనేవాళ్ళున్నారు, అసలు పైసా ముట్టుకోని గురువులూ ఉన్నారు. డాలర్లని రూపాయల్లోకి మార్చేసి "అమ్మో, పదమూడు వేలా!" అని గుండెలు బాదుకోవడం మనవాళ్ళకి అలవాటే గానీ, దానివల్ల తెలిసేదేమీ లేదు. అక్కడ జీతాలూ డాలర్లలోనే వస్తాయి కదా.

అందుకని నేనొక మోటు లెక్క వేసుకుంటాను. కనీస వేతనం మీద బతికే మనిషి తన పిల్లాడి ఫీజు కట్టాలంటే ఎన్ని గంటలు పనిచెయ్యాలి? మా అమ్మాయి కరాటేలో చేరిన దగ్గర్నుంచీ ఈ పిచ్చి పట్టుకుంది. మా టీములో వాళ్ళు నాలుగు దేశాల్లో ఉన్నారు, అందరికీ పిల్లలున్నారు, అందరి పిల్లలూ ఏదో ఒకటి తన్నుతూనే ఉన్నారు. కాబట్టి అంకెలకి కొదవ లేదు.

అమెరికా సంగతి చూద్దాం. పిల్లల కరాటే, తైక్వాండో స్కూళ్ళలో నెలకి 100 నుంచి 200 డాలర్ల దాకా మామూలే. పెద్ద ఊళ్ళలో బ్రెజిలియన్ జిజుట్సు అయితే ఇంకా పైకి పోతుంది. మధ్యస్థంగా 150 అనుకుందాం. ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచీ గంటకి 7.25 డాలర్ల దగ్గరే కూర్చుంది. అంటే దాదాపు 21 గంటల పని. (కాలిఫోర్నియాలాంటి చోట్ల కనీస వేతనం దీనికి రెట్టింపు పైనే, ఫీజులూ అలాగే ఎక్కువ.)

ఇప్పుడు ఫ్రాన్సు. అక్కడ మామూలు ఊరి జూడో క్లబ్బులో ఫెడరేషన్ లైసెన్సుతో కలిపి 200 నుంచి 300 యూరోల మధ్యలో అయిపోతుంది. కనీస వేతనం గంటకి దాదాపు 12 యూరోలు. 250ని 12తో భాగించండి. మళ్ళీ 21 గంటలే! కాకపోతే అమెరికాలో అది ఒక నెలకి, ఫ్రాన్సులో ఏడాదికి.

అదే విద్య, అదే తెల్ల బట్టలు, కింద పడితే అదే నొప్పి. మరి ఇంత తేడా ఎలా వచ్చింది? ఫ్రాన్సువాళ్ళు చవగ్గా నేర్పే రహస్యమేదో కనిపెట్టలేదు. అక్కడ చాలా క్లబ్బులు 1901 నాటి చట్టం కింద నమోదైన లాభాపేక్ష లేని సంఘాలు. హాలు సాధారణంగా మునిసిపాలిటీది. లెక్కలు రాసేదీ, పోటీలకి పిల్లల్ని తీసుకెళ్ళేదీ జీతం తీసుకోని తల్లిదండ్రులు. ఇది చాలదన్నట్టు, తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ళ పిల్లల కోసం 2021లో ప్రభుత్వం 50 యూరోల సాయం మొదలుపెట్టింది. ఇవన్నీ కలిస్తే అయిదు లక్షల పైచిలుకు సభ్యులున్న జూడో ఫెడరేషన్ తయారవుతుంది. అమెరికాలో మాత్రం అద్దె, కరెంటు, ఇన్సూరెన్సు, గురువుగారి ఇంటి ఖర్చు, ఆయన ప్రకటనల ఖర్చు, అన్నీ ఆ 150 డాలర్లలోంచే రావాలి.

కొరియాది ఇంకో దారి. తైక్వాండో స్కూలుకి నెలకి లక్షన్నర వాన్‌ల చుట్టుపక్కల ఉంటుంది. 2025లో కనీస వేతనం గంటకి 10,030 వాన్‌లు, అంటే 15 గంటల పని. కానీ అక్కడ వారానికి అయిదు రోజులు క్లాసు. బడి గేటు దగ్గర పసుపుపచ్చ వ్యాను పిల్లల్ని ఎక్కించుకుని, తన్నించి, చెమట పట్టించి, ఇంటి దగ్గర దింపుతుంది. ఇద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో అది తైక్వాండో ఫీజు కాదు, సాయంత్రం పిల్లల్ని చూసుకునేవాళ్ళకి ఇచ్చే జీతం. విద్య దానికి కొసరు.

నాకు బాగా వింతగా అనిపించిన అంకె బ్రూస్ లీది. 1963లో సియాటెల్‌లో ఆయన బడి పెట్టినప్పుడు ఫీజు నెలకి 22 డాలర్లు, చిన్నవాళ్ళకి 17. ఆ ఏడాది చివరికి అమెరికా కనీస వేతనం 1.25 డాలర్లు. అంటే పెద్దవాళ్ళ ఫీజుకి 17, 18 గంటల పని. అరవై ఏళ్ళు దాటినా అక్కడ గంటల లెక్క పెద్దగా మారలేదన్నమాట. అదే బ్రూస్ లీ అరవైల చివర్లో హాలీవుడ్ వాళ్ళకి గంటకి 275 డాలర్లని కార్డు అచ్చు వేయించుకున్నాడు. నాలుగైదేళ్ళలో ఆయన గుద్దు అన్ని రెట్లు బలపడిందా? లేదు. నేర్చుకునేవాళ్ళు మారారు. ధర విద్యని బట్టి కాదు, కట్టేవాణ్ణి బట్టి.

ఇక ఉచితం సంగతి. ఉచితం అనగానే మనకి చాలా పవిత్రంగా అనిపిస్తుంది. కానీ ఉచితాల్లోనూ రకాలున్నాయి.

ఒకటి, గురువే భరించే ఉచితం. 1882లో టోక్యోలోని ఎయిషోజి అనే గుళ్ళో, పన్నెండు చాపల గదిలో, తొమ్మిది మంది శిష్యులతో జిగోరో కానో కొదోకాన్ మొదలుపెట్టాడు. తొలి రోజుల్లో ఆయన ఫీజు తీసుకోలేదు. పంతులు ఉద్యోగం జీతం, అనువాదాలు చేసి సంపాదించిన డబ్బు అందులో పోశాడు. మన దగ్గర కేరళలో వటకరలో మీనాక్షి అమ్మగారు ఉన్నారు కదా, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆవిడ భర్త 1949లో పెట్టిన కళరిలో ఇప్పటికీ ఫీజంటూ లేదు, శిష్యులు ఇచ్చిన గురుదక్షిణే. చేతులెత్తి దండం పెట్టాల్సిందే. కానీ ఒక దేశం మొత్తం ఇలాంటి మనుషుల మీద ఆధారపడి నడవదు. దండం పెట్టేసి ఊరుకోవడం మనకి సుళువు కాబట్టి మనకి ఇలాంటి కథలు ఎక్కువ నచ్చుతాయేమోనని నా అనుమానం.

రెండోది, శిష్యుడి ఒంటితో కట్టించుకునే ఉచితం. థాయిలాండులో విదేశీయులు ఒక్క పూట ముయే థాయ్ సాధనకి 300 నుంచి 500 బాట్లు కడతారు. అక్కడ కూలివాడి రోజు కనీస వేతనం కూడా దాదాపు అంతే. అదే జిమ్ములో ఈశాన్య జిల్లాల నుంచి వచ్చిన పేద పిల్లాడు ఫీజు లేకుండా నేర్చుకుంటాడు, తిండీ పడకా కూడా అక్కడే. బదులుగా పోటీల్లో వాడికొచ్చే డబ్బులో జిమ్ము వాటా తీసుకుంటుంది, చాలాచోట్ల సగం. అందుకని వాడు కొట్లాడుతూనే ఉండాలి. 2018 నవంబరులో ఒక పదమూడేళ్ళ పిల్లాడు పోటీలో తలకి తగిలిన దెబ్బలతో చనిపోయాడు. ఎనిమిదేళ్ళ వయసు నుంచీ అప్పటికి 170 దాకా పోటీలు ఆడాడు. ఆ పిల్లాడి ఫీజు ఎంత అని లెక్క వెయ్యడానికి నా గంటల సూత్రం పనికిరాదు.

మూడోది, నలుగురూ కలిసి మోసే ఉచితం. రియోలోని సిదాదే దె దెవుస్ మురికివాడలో పెరిగిన రఫాయెలా సిల్వా, ఒలింపిక్ పతకం గెలిచిన ఫ్లావియో కాంటో నడిపిన సంస్థలో ఫీజు లేకుండా జూడో నేర్చుకుంది. 2016లో సొంత ఊళ్ళోనే ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. ఆ దేశంలోనే ఇంకా పాత ఉదాహరణ ఉంది. గ్రేసీ కుటుంబం డబ్బున్నవాళ్ళకి జిజుట్సు నేర్పుతున్న రోజుల్లో, ఒస్వాల్దో ఫద్దా అనే ఆయన రియో శివార్లలో పేదవాళ్ళకి నేర్పాడు. 1950లలో ఆయన శిష్యులు గ్రేసీల బడి మీదకి సవాలు విసిరి నెగ్గారు కూడా.

కాబట్టి నా ఉద్దేశంలో "ఫీజు ఎంత?" అన్నది సగం ప్రశ్నే. "మిగతాది ఎవరు కడుతున్నారు?" అన్నది రెండో సగం. చవక అనేది ఎక్కడా లేదు. హాలు ఊరికే రాదు, గురువు గాలి భోంచెయ్యడు. ఎవరో ఒకరు కడతారు. ఆ ఎవరో ఎవరన్నదే తేడా.

ఇప్పుడు హైదరాబాదులో మా అపార్టుమెంటుకి వద్దాం. క్లబ్ హౌసులో వారానికి మూడు రోజులు క్లాసు, నెలకి 1,800. పిల్లలు 32 మంది, అంటే 57,600. అందులో హాలు అద్దె కింద మా అసోసియేషనే 15,000 తీసుకుంటుంది. ఇద్దరు సహాయకుల జీతాలు 16,000. మిగిలేది 26,600. మాస్టారు ఇలాగే ఇంకో రెండు చోట్ల బండేసుకుని తిరుగుతాడు. దోచుకుంటున్నాడని అనడానికి నాకు నోరు రాలేదు.

కానీ నాలుగు నెలలకోసారి బెల్టు పరీక్ష ఉంటుంది. దానికి 1,500. కొత్త బెల్టు, సర్టిఫికెట్టు, ఒక ఫోటో. ఎందుకంత అని అడిగితే ఆయన దాచుకోకుండా చెప్పాడు: "సార్, నెల ఫీజు రెండొందలు పెంచితే పదిమంది మానేస్తారు. టెస్టు ఫీజు అయిదొందలు పెంచినా ఒక్కరూ మానరు. పక్కింటి పిల్లకి పసుపు బెల్టొస్తే మన పిల్లకి రావద్దా?"

ప్రింటరు చవగ్గా అమ్మి, ఇంకు దగ్గర లాగే వ్యాపారం ఇదే. మా సాఫ్టువేరు వాళ్ళకి కొత్తేమీ కాదు. నిజానికి ఈ రంగురంగుల బెల్టులు వేల ఏళ్ళ సంప్రదాయమేమీ కాదు. కానో తన శిష్యులకి తొలి డాన్‌లు ఇచ్చింది 1883లో. ఇన్ని రంగులూ బాగా వ్యాపించింది 1930లలో పారిస్‌లో కవాయిషి జూడో నేర్పడం మొదలెట్టాక. తొందరపడే శిష్యులకి మధ్యమధ్యలో ఒక మెట్టు చూపించడానికి అది మంచి ఉపాయమే. ఆ మెట్టుకి టిక్కెట్టు పెట్టడంతోనే పేచీ.

ఆ టిక్కెట్టు దగ్గర ఆగిపోయిన పిల్ల మా వాచ్‌మన్ కూతురు. పాలమూరు నుంచి వచ్చిన కుటుంబం. ఆ పిల్ల ఏడో తరగతి, ప్రభుత్వ బడి. హాలు బయట నిలబడి చూసీ చూసీ మొదటి కటా మొత్తం నేర్చేసుకుంది. మాస్టారు గమనించి, ఫీజు వద్దులే వచ్చి నిలబడమన్నాడు. రెండో వారానికే మా వాట్సాప్ గ్రూపులో గొడవ. "మేం డబ్బు కడుతుంటే వాళ్ళు ఊరికే ఎలా వస్తారు?" అని ఒకాయన. ఆయన పిల్లలు ఇద్దరూ ఆ క్లాసులోనే.

నేను అసోసియేషను మీటింగులో ఒక లెక్క పెట్టాను. హాలు అద్దెలో 5,000 తగ్గిద్దాం. మనవి 120 ఫ్లాట్లు, ఇంటికి నెలకి 42 రూపాయలు. బదులుగా మాస్టారు ఇక్కడ పనిచేసేవాళ్ళ పిల్లల్ని అయిదుగురిని పరీక్షలతో సహా ఉచితంగా చేర్చుకుంటాడు. ఆయనకి సమ్మతమే. లిఫ్టు మరమ్మతుకే డబ్బుల్లేవని ఒకరు, రేపు స్విమ్మింగ్ పూలు కూడా అడుగుతారని ఒకరు. గంటన్నర వాదించుకున్నాక సగానికి సగం తేల్చారు: అద్దె తగ్గించరు, పిల్ల రావచ్చు, పరీక్ష ఫీజు మాత్రం వాళ్ళే కట్టుకోవాలి.

నేను కడతానంటే వాళ్ళ నాన్న ఒప్పుకోలేదు. "తెల్ల బెల్టైతేంది సారూ, తన్నుడొస్తే సాలదా?" అన్నాడు. ఆయన మర్యాద ఆయనది, నేను మళ్ళీ అడగలేదు. ఆ పిల్ల ఇప్పటికీ తెల్ల బెల్టుతోనే, ఆకుపచ్చ బెల్టువాళ్ళ వెనక వరసలో నిలబడుతుంది. వరస బెల్టుని బట్టి కదా.

పిల్ల చదివే బడిలో నేర్పరా అంటే, పథకం ఉంది. సమగ్ర శిక్ష కింద ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా చదివే ఆడపిల్లలకి ఆత్మరక్షణ నేర్పడానికి రాణీ లక్ష్మీబాయి పేరుతో ఒక కార్యక్రమం. కేటాయింపు బడికి నెలకి 5,000, మూడు నెలలు. అంటే బడి మొత్తానికి 15,000. మా హాలు ఒక నెల అద్దె! ఏమీ లేనిదాని కంటే నయమే, కాదనను. కానీ మూడు నెలల్లో వచ్చేది భయం కొంచెం తగ్గడం వరకే. జపాను 2012 నుంచి మాధ్యమిక పాఠశాలల్లో బుదోని తప్పనిసరి చేసింది. అక్కడ జూడో నేర్చుకునే పిల్ల తండ్రి ఏం పని చేస్తాడన్న ప్రశ్నే రాదు, లెక్కల పీరియడుకి ఎవరూ అడగనట్టే.

మన ఊళ్ళలో హాళ్ళకి కరువేమీ లేదు. సాయంత్రం అయిదు తర్వాత ప్రతి ప్రభుత్వ బడి ఖాళీయే. కమ్యూనిటీ హాళ్ళు పెళ్ళిళ్ళు లేని రోజుల్లో తాళాలేసి ఉంటాయి. నేర్పే కుర్రాళ్ళూ ఉన్నారు, బండేసుకుని అపార్టుమెంట్ల చుట్టూ తిరుగుతున్నారు. మా మాస్టారి లెక్కలో నాలుగో వంతు హాలు అద్దెకే పోతోంది. ఆ ఒక్క ఖర్చు ఊరు భరిస్తే 1,800 కాస్తా 1,300 అవుతుంది. బెల్టు పరీక్షకి గుడ్డముక్క ఖరీదే తీసుకోవాలని షరతు పెడితే వెనక వరస ముందుకొస్తుంది. ఇందులో ఫ్రాన్సు నుంచి దిగుమతి చేసుకోవాల్సిందేమీ లేదు, తాళంచెవి తప్ప.

మీ పిల్లల్ని చేర్పించే ముందు ఫీజు ఎంతో అడగండి. పరీక్షకి ఎంతో, మధ్యలో మానేస్తే కట్టింది తిరిగిస్తారో లేదో కూడా అడగండి. కుదిరితే ఇంకొకటి కూడా అడగండి: డబ్బు కట్టలేని పిల్ల వస్తే ఏం చేస్తారు అని. ఆ జవాబుని బట్టి గురువెలాంటివాడో సగం తెలుస్తుంది. మనమెలాంటివాళ్ళమో తెలియాలంటే అదే ప్రశ్న మన అసోసియేషను మీటింగులో అడగాలి.