తివాచీ తీసి చెక్క పరిస్తే

తివాచీ తీసి చెక్క పరవాలంటే ముందు తేలాల్సింది కింది నేల సంగతి. అదెందుకో పల్లె ఇళ్లను చూస్తే తెలుస్తుంది. బస్తర్ దక్షిణ కొసన, చర్ల అవతల ఉన్న పామేడు ప్రాంతంలో టేకుకు కరువు లేదు. అయినా పల్లె ఇళ్లలో కర్ర గుంజలకు, దూలాలకు, వాసాలకే పోతుంది. నేలను మట్టితో మెత్తి పేడతో అలుకుతారు. వానకు చెమ్మగిల్లినా, ఎండకు బీటలిచ్చినా మళ్లీ అలికితే సరి. నేలకు ఆనుకున్న చెక్కకు ఆ వీలు లేదు. కింది నుంచి చెమ్మా చెదా రెండూ ఎక్కుతాయి. టేకు చేవలోని నూనెలు చెదను చాలావరకు ఆపుతాయి గానీ, చేవ చుట్టూ ఉండే తెల్లచెక్కకు ఆ బలం లేదు. టేకు పలకలో తెల్లచార ఉంటే ముందు పురుగు పట్టేది అక్కడే.

డల్లాస్ శివార్లలోనూ ఇదే లెక్క. ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో తెలుగువారు కొనుక్కునే ఇళ్లకు చాలావరకు నేల మీదే పోసిన కాంక్రీటు పునాది ఉంటుంది. పడకగదుల్లో తివాచీ మామూలు. దాన్ని పీకాక అడుగు మెత్త, గోడ వెంట మేకులు తేలిన కర్రపట్టీలు, జిగురు మరకలు మిగులుతాయి. అవన్నీ తీసి ఊడ్చాక, మూరెడు చదరపు ప్లాస్టిక్ ముక్కను నాలుగంచులా టేపుతో గచ్చుకు అతికించి ఒక రోజు వదిలేయాలి. లోపల నీటి బొట్లు పట్టినా, గచ్చు నల్లబడినా చెమ్మ ఉన్నట్టే.

చెక్కలో మూడు రకాలు. నిలువునా ఒకే కర్రతో చేసిన పలక సుమారు 18 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. పాతబడితే పైపొర గీకి పలుమార్లు పాలిష్ పట్టొచ్చు. కానీ చెమ్మకు ఉబ్బి, పొడికి కుంగుతుంది కాబట్టి కాంక్రీటు మీద దానితో చిక్కే. ఇంజనీర్డ్ పలకలో ప్లైవుడ్ మీద 2 నుంచి 6 మిల్లీమీటర్ల అసలు కర్ర ఉంటుంది. అడ్డదిడ్డంగా పేర్చిన పొరలు ఒకదాన్నొకటి పట్టి ఉంచడంతో కదలిక తక్కువ. కాంక్రీటు నేలలకు ఎక్కువగా దీన్నే ఎంచుకుంటారు. లామినేట్ పైన కనిపించేది కర్ర బొమ్మ అచ్చువేసిన కాగితం. చవకే, గీతలకూ ఓరుస్తుంది. పాలిష్‌కు మాత్రం పనికిరాదు.

కర్ర పొడవునా పెద్దగా పెరగదు, అడ్డంగా పెరుగుతుంది. అందుకే పలకలకూ గోడకూ మధ్య 8 నుంచి 10 మిల్లీమీటర్ల సందు వదిలి, పైన బీడింగ్‌తో కప్పుతారు. పరిచే ముందు పెట్టెలను అదే గదిలో కనీసం రెండు రోజులు ఉంచితే అక్కడి గాలికి చెక్క అలవాటు పడుతుంది.

బకెట్ నీళ్లు గుమ్మరించి కడిగే అలవాటు చెక్కకు గిట్టదు. గట్టిగా పిండిన గుడ్డతో తుడవాలి. వంటింటికీ, నూనె ఒలికే పూజగదికీ టైలే మేలు. బీరువా కాళ్ల కింద మెత్తటి అట్ట పెట్టాలి. మిగిలిన పలకల్లో ఒక పెట్టె దాచుకుంటే, సొట్టపడ్డ పలకను తర్వాత అదే రంగుతో మార్చుకోవచ్చు.