ఒకటో తారీఖు లేని ఊరు

నూజివీడు చుట్టుపక్కల పల్లెల్లో కేలండరుకి పెద్ద గిరాకీ లేదు. సర్కారు కొలువుల వాళ్ళకీ, బడిపంతుళ్ళకీ, 2008లో వచ్చిన ట్రిపుల్ ఐటీలో పనిచేసేవాళ్ళకీ నెలనెలా ఒకటో తారీఖు వస్తుంది. మిగతావాళ్ళకి ఏడాది మొత్తానికి మూడే మూడు తిథులు: పూత, పిందె, కోత. అప్పు తీర్చడం, పిల్ల పెళ్ళి, ఇంటికి సున్నం - అన్నీ "కోత అయ్యాక" అనే ఒక్క ముహూర్తానికే.

అలాంటి ఊరికి నేను 2018లో తిరిగొచ్చాను, హైదరాబాదులో ఒక ప్రకటనల కంపెనీలో 19 ఏళ్ళు బొమ్మలు గీసి. అక్కడ నా హోదా సీనియర్ ఆర్ట్ డైరెక్టరు. వినడానికి బరువుగానే ఉంటుంది గాని, చేసే పని సీసాల మీదికీ డబ్బాల మీదికీ పళ్ళు గీయడం. మామిడి రసం సీసా కోసం నేను గీసిన పండు, తొడిమతో ఆకుతో సహా, అచ్చం మా బంగినపల్లి. సీసాల్లోకి పోయే గుజ్జు చాలావరకు చిత్తూరు వైపు తోతాపురిది. మా వైపు దాన్ని కలెక్టరు కాయంటారు. గుజ్జు తీయడానికి కలెక్టరే నయం, కాదనను. అయినా ఆ సీసా చేతిలోకి తీసుకున్నప్పుడల్లా, ఒకరి పెళ్ళిలో ఇంకొకరి పేరున కట్నం చదివించి వచ్చినట్టుండేది.

మాకు మూడెకరాల తోట ఉంది. నాన్నగారు పోయాక గుత్తకిచ్చేశాం. అందులో ఎక్కువ చెట్లు చిన్నరసాలు, కొన్ని పెద్దరసాలు, ఓ నాలుగు చెరుకు రసాలు. రసాల సంగతి తెలిసిన పాఠకులకి చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ళ మీద జాలిపడి చెబుతున్నాను. అవి కత్తితో కోసుకునే పళ్ళు కావు. అరచేతుల్లో మెత్తగా నలిపి, ముచిక తీసేసి, నోట పెట్టుకుని, మోచేతి దాకా కారుతున్నా సిగ్గుపడకుండా తినాలి. బంగినపల్లి లారీ ఎక్కి ఢిల్లీ పోగలదు. పండిన రసం అంత ప్రయాణం చెయ్యలేదు. ఏటా కోత రోజుల్లో చెట్టు కింద వాలిపోయే పళ్ళు చూసినప్పుడే నాకు తాండ్ర ఆలోచన వచ్చింది. తాండ్రంటే ఆత్రేయపురం, ఒప్పుకుంటాను. నేను అనుకున్నదల్లా ఏ రసానికి ఆ రసం విడిగా పోసి, ఏ చెట్టు పండో ఆ చెట్టు బొమ్మే నా చేత్తో గీసి, పెట్టె మీద అంటించాలని.

ఉద్యోగం మానేశానని తెలిసి మా మేనమామ ఆ పూటే మోటారు సైకిలు మీద వచ్చాడు.

"ఒరేయ్, నెలజీతం కాళ్ళదన్నుకున్నవాణ్ణి మన వంశంలో నిన్నే చూశాన్రా. రేపు పొద్దున ఏం తింటావు?"

మా మామయ్య తోటలు గుత్తకి పట్టే మనిషి. జనవరిలో పూత చూసి నోట్ల కట్టలు లెక్కపెట్టి ఇచ్చేస్తాడు. ఆ పూత పిందె కట్టాలి, తేనెమంచు పురుగు రాకూడదు, ఏప్రిల్లో ఈదురుగాలి వీయకూడదు, నున్న మార్కెట్లో ధర పడిపోకూడదు. పైగా ఓ ఏడు విరగకాసిన చెట్టు మరుసటి ఏడు మొహం చాటేస్తుంది. ఇన్ని గండాల మీద లక్షలు పందెం కట్టే మనిషి నాకు భద్రత గురించి గంటసేపు చెప్పాడు. నేను నవ్వలేదు, ఎందుకంటే ఆయనా నవ్వులాటకి అనలేదు. పందెం రుచి తెలిసినవాడు కనకనే భయపడుతున్నాడని మా ఆవిడ అంది. ఆవిడ ఇక్కడ ఒక ప్రైవేటు బళ్ళో లెక్కలు చెప్పే పనిలో చేరింది. ఇంట్లో ఒకటో తారీఖు ఆవిడకొక్కదానికే మిగిలింది.

తాండ్ర చెయ్యడం చెప్పడానికి రెండు ముక్కలు. రసం తీసి, వడగట్టి, తాటాకు చాపల మీద పల్చగా పోసి ఎండబెట్టడం. మర్నాడు దానిమీద ఇంకో పొర. అలా పొర మీద పొర, మందం వచ్చేదాకా. చక్కెర వేయకపోతే పది కిలోల పళ్ళకి కిలో తాండ్ర దక్కితే గొప్ప. సూర్యుడు జీతం అడగని పనివాడే గాని, సెలవు చీటీ కూడా ఇవ్వడు. మే నెలలో రాత్రి రెండింటికి ఉరిమిందంటే మొగుడూ పెళ్ళాం ఇద్దరం చాపలు మోసుకుంటూ పరుగు.

2020 సంగతి చెప్పాలి. మార్చి 25న దేశమంతా తలుపులు వేసుకుంది. పూత మీద కొన్న మామయ్య తోటల్లో కాయ దిగింది గాని, ఎప్పటిలా లారీలు తిరగలేదు. మా ఆవిడ బడి జీతాలు ఆపేసింది. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఫీజు కట్టాలి. నా పి.ఎఫ్. డబ్బు అప్పటికే అడుగంటింది. ఓ పొద్దున మామయ్య ట్రాక్టరు నిండా పండిన రసాలు తెచ్చి వాకిట్లో దింపించాడు. "కుళ్ళిపోయే బదులు నీ చాపల మీదే ఎండనీ" అన్నాడు. మర్నాడు మళ్ళీ వచ్చి, "కిలోకి ఎంతిస్తావు?" అని అడిగాడు. ఇద్దరం గీచి గీచి బేరమాడాం. తాండ్ర ఓపికగలది. ఆగస్టు నుంచి సంక్రాంతి దాకా బెజవాడ అపార్టుమెంట్లకి పొట్లాలు కట్టి పంపాం. ఫీజు ఆలస్యంగానైనా కట్టాం. మామయ్యకి బాకీ ఉగాదికి తీర్చాను.

అన్నట్టు, 2022 ఏప్రిల్లో నూజివీడుని కృష్ణా జిల్లా నుంచి తీసి ఏలూరు జిల్లాలో కలిపారు. అప్పటికి నా దగ్గర కృష్ణా జిల్లా అని అచ్చయిన లేబుళ్ళు మూడువేలున్నాయి. ప్రభుత్వాలకి మనుషులు గుర్తుంటే ఉండొచ్చు గాని, లేబుళ్ళు గుర్తుండవు. వాటి వెనక తెల్లవైపు ఇప్పటికీ మా పద్దులు రాసుకుంటున్నాం.

ఈ మధ్య ఆ తెల్లవైపే ఒక లెక్క వేశాను. మా దగ్గర కోత రోజుల్లో నలుగురు ఆడవాళ్ళు పనిచేస్తారు. మొదటి ఏడు నుంచీ ఉన్న ఇద్దరు పోయిన నెల వచ్చి నిలబడ్డారు. రసం చిక్కదనం వేలితో చూసి చెప్పగలిగింది వాళ్ళే, నేను కాదు.

"బాబూ, బెజవాడ బట్టల కొట్లో రమ్మంటున్నారు. నెలకి తొమ్మిదివేలంట. ఒకటో తారీఖున చేతిలో పెడతారంట. మీరు రెణ్ణెల్లే పిలుస్తారు. మిగతా పది నెలలూ మేమేం తినాలి?"

మా మామయ్య అడిగిన ప్రశ్నే. నన్నడిగినప్పుడు నా దగ్గర జవాబుండేది: నా ఇష్టం, నా చేతి పని, నా బొమ్మ. ఆ జవాబు వాళ్ళ ముందు పెట్టడానికి నోరు రాలేదు. చెట్టు ఏడాదికోసారి ఇచ్చేదాన్ని పన్నెండు ముక్కలు చేసి ఇద్దరికి పంచాలి. నాలుగు లేబుళ్ళ వెనక లెక్క వేసినా, కాపు తగ్గిన ఏడు అప్పే మిగులుతోంది.

మా ఆవిడ ఆ కాగితాలు చూసి కళ్ళజోడు తీసింది. "మీ జీతం మీరు వదులుకున్నారు. వాళ్ళని వదులుకోమనడానికి మనమెవరం?" అంది. తనే మళ్ళీ లెక్క వేసింది. ఆగస్టు నుంచి తాటాకు పెట్టెలు ఇక్కడే అల్లించి, విజయవాడ నుంచి అట్టపెట్టెలు కొనడం మానేస్తే కొంత కలిసొస్తుంది. మిగతాది ఎలాగంటే, "చూద్దాం" అంది. లెక్కల టీచరు నోట ఆ మాట వినడం నాకదే మొదటిసారి.

జూన్ ఒకటిన వాళ్ళ మొదటి నెలజీతం. ఇవాళ మే 26. ముప్పై రెండు చాపలు ఎండలో ఉన్నాయి, ఆగిరిపల్లి వైపు మబ్బు కమ్ముతోంది. ఇంక రాయడం కుదరదు, పెరట్లోంచి కేకలేస్తున్నారు.