గిటారు మోసే కౌబాయి

మంటకు ఇంకొంచెం దగ్గరగా జరగండి. మా బళ్లారి జిల్లా తెక్కలకోటలో పగలంతా బండలు ఎంత కాగినా, ఈ కాలంలో పొద్దుగూకితే చలి పట్టేస్తుంది. ఇవాళ మీకొక పాట సంగతి చెప్పాలి. బాన్ జోవి బృందం 1986లో ‘స్లిప్పరీ వెన్ వెట్’ ఆల్బంలో పాడిన ‘వాంటెడ్ డెడ్ ఆర్ అలైవ్’.

జుట్టు భుజాల మీదికి పెంచి, తళుకు బట్టలేసుకుని, గిటార్లు హోరెత్తించే గ్లామ్ మెటల్ రోజులవి. ఆ ఆల్బంలో రెండు పాటలు అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కాయి. ఈ పాట ఏడు దగ్గర ఆగింది. నన్నడిగితే మూడింట్లో ఇదే మేలైనది. హోరుతో మొదలవదు, పన్నెండు తీగల గిటారు మెల్లగా మోగుతుంది. జాన్ బాన్ జోవి, రిచీ సాంబోరా కలిసి రాశారు. ఇద్దరిదీ న్యూజెర్సీ. కౌబాయిల నేల కాదది.

మరి ‘బతికున్నా చచ్చినా పట్టివ్వండి’ అనే పేరు, తలకు వెల పలికే దొంగ వేషం ఎందుకంటారా? పాట పాడేవాడు ఊరూరా కచేరీలు చేసే సంగీతగాడు. తుపాకి ఉండాల్సిన చోట గిటారు, గుర్రం ఉండాల్సిన చోట మోటారు బండి. నిద్రకు వేళ లేదు, ఏ ఊరూ తనది కాదు. దోపిడీ ఒక్కటీ లేదు పాటలో, ఉన్నదంతా అలసటే. నిజం కౌబాయిలు కూడా అంతే కదా! 1860ల తర్వాత టెక్సాస్ నుంచి కాన్సాస్ రైలు స్టేషన్ల దాకా పరాయివాళ్ల పశువులను కూలికి తోలినవాళ్లు.

మన తెలుగుకు కౌబాయి 1971లో వచ్చాడు. ‘మోసగాళ్లకు మోసగాడు’లో కృష్ణ. కథ ఆరుద్రది, దర్శకత్వం కె.ఎస్.ఆర్. దాస్‌ది, ఎడారి రాజస్థాన్‌ది. ఎంత తెగువ! నాకు ప్రాణమైన సినిమా అది. దాని దారిలో ‘కొదమసింహం’, ‘టక్కరి దొంగ’ వచ్చాయి. వీటన్నిట్లో గుర్రం, టోపీ, నిధి వేట ఉన్నాయి. బతుకుతెరువుకు తిరిగి తిరిగి అలిసినవాడి పాట మాత్రం నాకు దొరకలేదు.

ఆ పాటకు సరుకు మా దగ్గరే ఉందండీ. ఈ గుట్టల మీద మూడున్నర వేల ఏళ్ల కిందట పశువులు కాసుకున్న జనం బతికారు. 1963–64లో ఎం.ఎస్. నాగరాజరావు తవ్వకాల్లో వాళ్ల ఇళ్ల ఆనవాళ్లు బయటపడ్డాయి. ఇవాళ్టికీ కోతలయ్యాక కురుబలు గొర్రెల్ని తోలుకొస్తారు. రైతు పొలంలో ఎరువు కోసం మంద పెట్టించుకుంటాడు. రాత్రంతా కుక్క, కంబళి, చేతికర్ర. తెల్లారాక ఇంకో పొలం, ఇంకో ఊరు. పండక్కి ఇంటికి చేరతారో లేదో చెప్పలేరు. కొలిచిచ్చే గింజల కోసం బేరమాడుతున్నప్పుడు ఆ గొంతులు విన్నారా? తెలుగులో మొదలై కన్నడంలో తేలతాయి. ఆ మాటల్లోనే పాట రావాలి. హీరోకి గుర్రం అక్కర్లేదు.

బాన్ జోవిని కొత్తగా వినేవాళ్లు 1989లో జాన్, రిచీ ఎమ్‌టీవీ అవార్డుల వేదిక మీద ఉత్త గిటార్లతో పాడిన తీరు ముందు వినండి. డ్రమ్ములు లేవు, హోరు లేదు. పాటలోని మనిషి అక్కడే స్పష్టంగా వినిపిస్తాడు. ఆల్బం తర్వాత పెట్టుకోవచ్చు.